గడ్డ ఏటేటా ఎందుకు చిన్నదైపోతోంది? ఆలుగడ్డ రైతులతో ఒక సీజన్, నా అనుభవం

వ్యవసాయ డిగ్రీ పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి ఫీల్డ్ ఉద్యోగం ఇది. 25 మంది చిన్న రైతులకు ఒక పంటకాలం పాటు ఆధునిక పద్ధతిలో ఆలుగడ్డ సాగు నేర్పాలి. అర ఎకరం, ముప్పావు ఎకరం ఉన్నవాళ్ళే ఎక్కువ. ఎకరంన్నర ఉన్న ఒకాయన ఆ గుంపులో పెద్ద రైతు కింద లెక్క. నేను 72 స్లైడ్లు తయారుచేసుకుని వెళ్ళాను. దుక్కి దగ్గర్నుంచి నిల్వ దాకా అన్నీ ఉన్నాయి వాటిలో. రాత్రుళ్ళు కూర్చుని చేసినవి, వాటిలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

మొదటి రోజు 20వ స్లైడు దగ్గర ఒక పెద్దమ్మ చెయ్యెత్తింది. "అమ్మాయ్, నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది, నాదొకటే సందేహం. నేల అదే, నీళ్ళు అవే, ఎరువు మునుపటికన్నా ఇంకాస్త ఎక్కువే వేస్తున్నా. మరి గడ్డ ఏటేటా ఎందుకు చిన్నదైపోతోంది?"

నేను వెంటనే జవాబు చెప్పాను. విత్తనంగా నాటే గడ్డ బలం తగ్గిపోతుందని, వైరస్‌లు దుంపలోనే దాక్కుని తరం తర్వాత తరానికి వెళ్తాయని, పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు వాటిని మోసుకొస్తుందని, అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని "సరేలేమ్మా" అని కూర్చుంది. ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. విషయం బుర్రకెక్కినవాళ్ళు అలా అనరు, మనసు నొప్పించడం ఇష్టంలేనివాళ్ళు అంటారు. మర్నాడు మా పై అధికారికి చెప్పి ప్రొజెక్టర్ పక్కన పెట్టేశాను, తరగతి మొత్తం చేలోకి మార్చేశాం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. రైతు క్షేత్ర పాఠశాల అని దీనికి పేరుంది. 1989లో ఇండోనేషియాలో వరి రైతుల కోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మొదలుపెట్టింది, ఆ తర్వాత చాలా పంటలకు పాకింది. పెరూ రాజధాని లిమాలో అంతర్జాతీయ ఆలుగడ్డ పరిశోధన కేంద్రం ఉంది, 1971లో పెట్టారు, వాళ్ళు దీన్ని ఆలుగడ్డకు కూడా వాడారు. పద్ధతి చాలా సులువు: వారానికి ఒక రోజు అందరూ ఒకే చేను దగ్గర కలవాలి, చేనును రెండు భాగాలు చేయాలి, ఒక భాగంలో రైతులు ఎప్పుడూ చేసినట్టే చేయాలి, రెండో భాగంలో కొత్త పద్ధతి. ఏ వారం ఏం కనిపించిందో రైతులే చూసి, లెక్కపెట్టి, వాళ్ళలో వాళ్ళే వాదించుకోవాలి. నేర్పడానికి వెళ్ళిన మనిషి తక్కువ మాట్లాడాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే, ఎందుకంటే జవాబు తెలిసి కూడా నోరు కట్టేసుకుని కూర్చోవడం చాలా పెద్ద పని.

ఇంకొకటి కూడా మొదటి వారంలోనే మార్చాం. జాబితాలో ఉన్న 25 పేర్లలో 20 మగవాళ్ళవి. కానీ మాటల్లో తేలిందేమిటంటే, ఇంట్లో విత్తనం గడ్డ ఏరి పక్కన పెట్టేది, మొలకలు చూసేది, కుళ్ళినవి తీసేసేది దాదాపు అందరి ఇళ్ళలోనూ ఆడవాళ్ళే. విత్తనం చేతిలో పట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే, తరగతికి మరో మనిషి వస్తే ఏం లాభం? వీలైతే ఇద్దరూ రండి, ఒక్కరే వచ్చేట్టయితే విత్తనం చూసేవాళ్ళు రండి అని చెప్పాం. మూడో వారానికి చేను గట్టు మీద కూర్చునే చోటు చాలలేదు.

రెండో సమావేశానికి ప్రతి ఒక్కరినీ ఇంట్లో ఉన్న విత్తన దుంపల్లోంచి ఒక సంచీడు తెమ్మన్నాను. ఒక్కో సంచిలోంచి పది దుంపలు తీసి, అందరి ముందూ అడ్డంగా కోశాం. బాగున్న దుంప లోపల లేత పసుపు రంగులో శుభ్రంగా ఉంటుంది. కొన్నిటిలో మాత్రం తొక్కకు కాస్త లోపలగా గోధుమ రంగు ఉంగరం కనిపించింది. ఆ ముక్కని వేళ్ళతో నొక్కితే ఆ ఉంగరంలోంచి జిగటగా, తెల్లగా చీములాంటిది బయటికొచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. అది బాక్టీరియా ఎండు తెగులు, అంటే చేలో మొక్క పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వడలిపోయేది అదే. పైకి చూస్తే ఆ గడ్డకి ఏ లోపమూ కనపడదు, నిగనిగలాడుతూ ఉంటుంది.

ఆ దుంపలు కోసిన కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది. "ఇప్పుడు ఇదే కత్తితో మంచి గడ్డ కోస్తే?" అని అడిగాను. ఎకరంన్నర అన్న మెల్లగా అన్నాడు, "మేం ఎప్పుడూ అలాగేగా కోసేది." విత్తనం ముక్కలు కోసి నాటేవాళ్ళు ఒక్క రోగపు దుంపతో ఎన్ని ముక్కలకి రోగం అంటిస్తారో చెప్పడానికి నాకు స్లైడు అక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి పద్ధతి ఇది: వీలైతే కోయొద్దు, 30 నుంచి 50 గ్రాముల బరువుండే గడ్డని, అంటే ఇంచుమించు కోడిగుడ్డంత గడ్డని, అలాగే నాటాలి. తప్పక కోయాల్సి వస్తే ముక్కకి కనీసం రెండు కళ్ళు, అంటే మొలక వచ్చే చోట్లు, ఉండాలి, బ్లీచ్ కలిపిన నీళ్ళలో రెండు కత్తులు ఉంచుకుని ఒక్కో గడ్డకీ కత్తి మార్చాలి, కోసిన ముక్కల్ని వెంటనే మట్టిలో పెట్టకుండా రెండు మూడు రోజులు నీడలో, కాస్త తేమ ఉండే చోట ఆరనివ్వాలి, కోత మీద పొర కట్టాకే నాటాలి.

ఈ తెగులుకి మందు లేదని చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ప్రతి రోగానికీ ఒక డబ్బా ఉంటుందని అలవాటు పడిపోయాం కదా. తర్వాత చేలో ఒక మొక్క వడలినప్పుడు గాజు గ్లాసు పరీక్ష చేశాం. మొక్క కాండాన్ని నేలకి దగ్గరగా కోసి, మంచినీళ్ళున్న గ్లాసులో కొస మునిగేలా వేలాడదీసి కదపకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నని పాలదారాల్లాంటివి కిందికి జారడం మొదలవుతుంది. పిల్లలు కూడా వచ్చి చూశారు. నీళ్ళు తక్కువై వడలిన మొక్కతో అదే పరీక్ష చేస్తే ఏమీ రాలేదు. ఇక ఆ పైన ఎవరూ "నీళ్ళు చాల్లేదేమో" అని వడలిన మొక్కకి ఇంకో తడి పెట్టలేదు. ఆ మొక్కని చుట్టూ ఉన్న మట్టితో, దుంపలతో సహా తవ్వి చేను బయటికి తీసుకెళ్ళడం నేర్చుకున్నారు. టమాటా, వంగ, మిరప ఇవన్నీ ఆలుగడ్డకి చుట్టాలు, వాటి తర్వాత అదే చేలో ఆలుగడ్డ వేస్తే రోగానికి విందు పెట్టినట్టే అని కూడా ఆ రోజే మాట్లాడుకున్నాం. చిన్న కమతం ఉన్నవాళ్ళకి పంట మార్పిడి చెప్పినంత తేలిక కాదు, ఉన్నది అర ఎకరమైతే ఎక్కడికి మార్చుతారు? అందుకే చేనునే మూడు ముక్కలుగా గీసి ఏటా ముక్క మార్చుకోవడం అనే మాట వాళ్ళలోంచే వచ్చింది.

విత్తనం దగ్గరే మాకు పెద్ద దెబ్బ కూడా తగిలింది. కొత్త పద్ధతి సగానికి, నాణ్యత పరీక్షించి ధ్రువీకరించిన విత్తనం ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళు చెప్పిన రోజుకి పంపలేదు. రోజూ ఫోన్లు చేయడం, రేపంటే రేపనడం, అలా 11 రోజులు గడిచాయి. రైతులు తమ సగంలో నాటేశారు, మా సగం ఖాళీగా ఎండుతోంది, నాకు టెన్షన్‌తో అన్నం సయించలేదు. చివరికి లారీ వచ్చింది. నేను ఆ సాయంత్రమే నాటించేద్దామన్నాను. పెద్దమ్మ సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తీసి, నా చెంపకి ఆనించింది. చల్లగా మంచులా ఉంది. తొక్క మీద చెమట పట్టి ఉంది. "కన్ను కూడా తెరవలేదమ్మా ఇది, ఇంకా నిద్రలోనే ఉంది" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. విత్తనాన్ని 2 నుంచి 4 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. అక్కడి నుంచి తీసి నేరుగా తడి మట్టిలో పెడితే మొలక రాకముందే కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి నా స్లైడ్లలోనే రాసి ఉంది, ఆత్రంలో నేనే మర్చిపోయాను.

నాటకుండా, అన్నీ బయటికి తీసి నీడలో, గాలి ఆడే చోట పలచగా పరిచాం. కుళ్ళినవి ఏరేశాం. చెక్క ట్రేలలో రెండు వరసలకి మించకుండా పేర్చి, నేరుగా ఎండ తగలకుండా పగటి వెలుతురు మాత్రం పడేలా పెట్టాం. ఇక్కడ ఒక చిన్న ప్రయోగం పెట్టాను, అది అందరికీ బాగా నచ్చింది. అవే దుంపలు ఓ పాతిక చీకటి గదిలో సంచిలో ఉంచాం. కొన్నాళ్ళకి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చీకట్లో ఉన్నవాటికి పొడుగ్గా, తెల్లగా, పట్టుకుంటే విరిగిపోయే మొలకలు, వెలుతురులో ఉన్నవాటికి పొట్టిగా, లావుగా, ఊదా పచ్చ కలిసిన రంగులో గట్టి మొలకలు. గడ్డని ఎత్తి విదిలించినా అవి ఊడలేదు. ఒక అక్క అయితే ఆ ట్రేని ఊరంతా తిప్పింది. విత్తనాన్ని ఇలా పలచని వెలుతురులో ఉంచే పద్ధతికి ఖర్చు దాదాపు ఏమీ లేదు, నాలుగు కర్రలూ ఒక నీడా చాలు. మొలకెత్తే దశలో కొసన ఉండే ఒక్క కన్నే ముందు బలంగా వస్తే, దాన్ని గిల్లేస్తే మిగతా కళ్ళు కూడా లేస్తాయి, అప్పుడు మొక్కకి కాండాలు ఎక్కువ వస్తాయి. ఇది కొంతమందికి ముందే తెలుసు, ఎందుకో మాత్రం తెలియదు.

నాటడం గురించి ఎక్కువ చెప్పను. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, సాలులో దుంపకీ దుంపకీ 20, అంతే. దాని కోసం కొలిచి ముడులు వేసిన తాడు ఒకటి చేసుకున్నాం, అది ఇంటింటికీ తిరిగి నెలలోనే చివికిపోయింది. ఎరువు విత్తనానికి తగలకూడదు, మధ్యలో వేలెడు మట్టి ఉండాలి, లేకపోతే మొలక మాడుతుంది. నత్రజని సగం నాటేటప్పుడు, మిగతా సగం మొక్క మొదలు చుట్టూ మట్టి ఎగదోసేటప్పుడు. మొక్క నల్లగా ఏపుగా ఉంటే రైతుకి మనసు నిండుతుంది, నాకు తెలుసు, కానీ అతిగా వేసిన యూరియా ఆకుకి పోతుంది, గడ్డ ఊరడం ఆలస్యమవుతుంది. రైతుల సగం చేను నడుం దాకా పెరిగి చూడ్డానికి మా సగం కన్నా బాగుండేది. ఆ నెల రోజులూ నేను చాలా మాటలు పడ్డాను.

మట్టి ఎగదోయడం దగ్గర ఒక మొక్కని జాగ్రత్తగా వేర్లతో సహా తవ్వి, కడిగి, తెల్లగుడ్డ మీద పరిచాం. వేరు ఏది, కాండం ఏది అని అడిగాను. గడ్డ వేరుకే కాస్తుందని అందరూ అన్నారు. కానీ గుడ్డ మీద చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది: సన్నని గోధుమ రంగు వేర్లు వేరు, కాండం నుంచి పక్కకి పాకే లావాటి తెల్లటి తీగలు వేరు, ఆ తీగ కొసనే బఠాణీ గింజంత గడ్డ. అంటే గడ్డ కాండమే, దాని కళ్ళు మొగ్గలే. కాండం కాబట్టే వెలుతురు తగిలితే పచ్చబడుతుంది, పచ్చబడిన చోట సొలనిన్ అనే విషం పెరుగుతుంది, చేదెక్కుతుంది, తినకూడదు. తీగ మట్టిలోంచి బయటికి వస్తే గడ్డ కట్టడం మానేసి ఆకులు వేస్తుంది. ఇదంతా ఆ గుడ్డ మీదే కనపడింది కాబట్టి ఎగదోసిన మట్టి గట్టు, అంటే బోదె, ఎందుకు ఎత్తుగా, వెడల్పుగా ఉండాలో మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు.

నీళ్ళు పారించడం ఒక్కటి మాత్రం వాళ్ళ నుంచి నేను నేర్చుకున్నాను. కాలువలో నీళ్ళు బోదె ఎత్తులో సగానికి మించకూడదని నేను కొలతలతో చెబుతుంటే, ఒక పెద్దాయన బోదెలో జానెడు లోతు మట్టి తీసి పిడికిట పట్టి నొక్కి, వేళ్ళు తెరిచాడు. ముద్ద నిలిచి, బొటనవేలితో తోస్తే విరిగింది. "ఈ పూట అక్కర్లేదు" అన్నాడు. ఆలుగడ్డ వేర్లు లోతుకి పోవు, కాబట్టి ఎండనిచ్చి ఒకేసారి ముంచితే గడ్డ పగులుతుంది, వంకరలు తిరుగుతుంది, కొన్ని రకాల్లో లోపల డొల్ల పడుతుంది. తక్కువ నీళ్ళు, తరచుగా. ఆ పెద్దాయన పిడికిలి పరీక్షనే అందరికీ నేర్పించాం.

ఇక లేట్ బ్లైట్, అంటే ఆకుల్ని మాడ్చేసే తెగులు. ఆ వారం గురించి రాయాలంటే ఇప్పటికీ గుండె దడ.

నాలుగు రోజులు మబ్బు, సన్నటి జల్లు, రాత్రిళ్ళు చలి, ఆకు మీద తడి ఆరడమే లేదు. ఫైటాఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ అనే ఆ సూక్ష్మజీవికి ఇంతకన్నా మంచి రోజులు ఉండవు. వాతావరణం కలిసొస్తే వారం పది రోజుల్లో పచ్చటి చేను మాడి మసైపోతుంది. ఈ పంట చరిత్రలోనే అతి పెద్ద విషాదం దానిదే: 1845లో ఐర్లండ్‌లో మొదలై వరసగా కొన్నేళ్ళు పంట పోయింది, సుమారు పది లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు, దాదాపు అంతమందీ దేశం వదిలి వెళ్ళిపోయారు. అక్కడి పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం మీద బతికేవాళ్ళు, దుంపతో దుంప పెంచుకున్న పంట కాబట్టి అన్ని మొక్కలూ ఒకే పోలిక, అన్నీ ఒకేసారి పడిపోయాయి. ఈ కథ చెప్పినప్పుడు పెద్దమ్మ అడిగింది, "వాళ్ళకి ఇలా ఎవరూ చెప్పేవాళ్ళు లేరా?" అప్పటికి ఆ రోగం ఎందుకొస్తుందో శాస్త్రవేత్తలే తేల్చుకోలేకపోతున్నారని చెప్పాను.

పొద్దున్నే మంచు ఆరకముందు చేలోకి వెళ్ళి కింది ఆకుల్ని తిప్పి చూడాలి, నీళ్ళు నానినట్టుండే మచ్చ, దాని అంచున అడుగువైపు తెల్లటి బూజు ఉంటే అదే అని ముందు వారమే అనుకున్నాం. ఐదో రోజు పొద్దున ఆరున్నరకి ఒక తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో ఒక ఆకు. మచ్చ ఉంది, బూజు కనపడట్లేదు. అనుమానమొస్తే ఏం చేయాలో నేర్చుకున్నాం కదా, ఆ ఆకుని తడిగుడ్డతో పాటు పాలిథీన్ సంచిలో కట్టి రాత్రంతా ఉంచాలి. కానీ ఆ ఒక్క రాత్రి ఆగడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఆకు సంచిలో పెట్టి, ఆ పూటే మందు కొట్టడం మొదలుపెట్టించాను. మర్నాడు సంచి విప్పితే మచ్చ చుట్టూ తెల్లగా దూదిలా ఉంది.

ఇక్కడ ఒక విషయం ఒత్తి చెప్పాలి. మాంకోజెబ్ లాంటి మందు ఆకు పైన కవచంలా పనిచేస్తుంది, రోగం లోపలికి దిగాక దాని చేతిలో ఏమీ ఉండదు. లోపలికి ఇంకే మందులు వేరే ఉన్నాయి, వాటిని ఒకటే పట్టుకుని మళ్ళీ మళ్ళీ కొడితే తెగులు దానికి అలవాటుపడిపోతుంది, అందుకే మార్చి మార్చి కొట్టాలి. రైతులు సీసా మూతతో కొలవడం, పంపు నాజిల్ అరిగిపోయి ధారగా కారడం, ఆకు పైవైపు మాత్రమే తడపడం, ఇవన్నీ నేను ఆ వారమే కళ్ళారా చూశాను. గ్లవ్స్, మాస్క్ లేకుండా కొట్టే వాళ్ళని ఆపి మరీ వేయించాను, ఆ విషయంలో మాత్రం నేను తక్కువ మాట్లాడలేదు. మా చేను రెండు భాగాలూ బతికాయి, కింది ఆకులు కొంత పోయాయి. గుంపులో ఇద్దరి పొలాలు మాత్రం దక్కలేదు. వాళ్ళు ఆ వారం ఊళ్ళో లేరు. వాళ్ళలో ఒక అన్న తిరిగొచ్చి మాడిన చేను గట్టు మీద కూర్చుని మట్టి పెళ్ళలు చిదుముతూ ఉంటే ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక పక్కన కూర్చుండిపోయాను. తర్వాత, మాడిన చెట్టు కోసి చేను బయటికి తీసేయిద్దాం, కింద ఉన్న గడ్డకైనా రోగం దిగకుండా చూద్దాం అన్నాను. అందరం కలిసి ఒక్క మధ్యాహ్నంలో తీసేశాం. గోలీలంత గడ్డలు కొన్ని దక్కాయి.

పెద్దమ్మ ప్రశ్నకి అసలు జవాబు పూత వేళ దొరికింది. పూత రావడానికి కాస్త ముందు అందరినీ చేలో నడిపించి, ఆకులు శుభ్రంగా, కాండం బలంగా, ఏ లోపమూ లేని మొక్కల పక్కన ఒక్కో పుల్ల గుచ్చమన్నాను. రెండు వారాల తర్వాత మళ్ళీ చూసి, జబ్బుపడ్డవాటి పక్క పుల్ల పీకేశాం. ఎంపిక చేసిన మొక్కల నుంచే విత్తనం తీసుకునే ఈ పద్ధతి లిమా కేంద్రం వాళ్ళు చిన్న రైతుల కోసం బాగా ప్రచారం చేశారు. వైరస్ ఉన్న మొక్క ఎలా ఉంటుందో కూడా చూశాం: ఆకులు పైకి ముడుచుకుని తోలులా గరగరలాడేవి ఒక రకం, లేత ముదురు పచ్చ మచ్చలతో ముడతలు పడేవి మరో రకం. వాటిని రైతులు అంతకుముందు "నేల బలం లేని చోటు" అని వదిలేసేవాళ్ళు.

ఆ తర్వాత గడ్డ ఊరాక, రైతుల సగంలో పుల్ల గుచ్చిన మొక్క ఒకటి, దాని పక్కనే ముడుచుకున్న మొక్క ఒకటి, రెండూ తవ్వించాను. తవ్వింది పెద్దమ్మే. మంచి మొక్క కింద పెద్దవీ మధ్యస్థమైనవీ కలిపి పదకొండు గడ్డలు. ముడుచుకున్నదాని కింద ఆరు, అన్నీ నిమ్మకాయంత కూడా లేవు. రెండు కుప్పలు పెట్టాం. "పెద్దమ్మా, ఇంట్లో విత్తనానికి ఏవి దాస్తావు?" అని అడిగాను. ఆవిడ వెంటనే చిన్న కుప్ప వైపు చెయ్యి చాచింది. పెద్దవి అమ్మకానికి, మధ్యస్థమైనవి తినడానికి, చిన్నవి విత్తనానికి, అందరి ఇళ్ళలో అదే లెక్క. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అంటే ఇన్నేళ్ళూ రోగమున్న చెట్టు గడ్డల్నే ఏరి ఏరి దాచుకున్నానా నేను?"

ఎవరూ ఏమీ అనలేదు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తప్పేం ఉంది ఇందులో? పెద్దవి అమ్మకపోతే ఇల్లు గడవదు. ఏటా ధ్రువీకరించిన విత్తనం కొనే స్తోమత అర ఎకరం రైతుకి ఉండదు. ప్రయోగశాలలో మొక్క చిన్న ముక్క నుంచి కొత్త మొక్కలు పెంచే టిష్యూ కల్చర్, మట్టి లేకుండా గాలిలో వేలాడే వేర్లకి పోషకాలు చిమ్మి చిన్న దుంపలు పెంచే ఏరోపోనిక్స్, ఇవన్నీ గొప్ప విషయాలే, శుభ్రమైన విత్తనం మొదట అక్కడి నుంచే రావాలి. కానీ అలా వచ్చిన విత్తనం చిన్న రైతు చేతికి మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి చేరుతుంది. ఆ మధ్య ఏళ్ళలో తన విత్తనాన్ని తాను ఎలా కాపాడుకోవాలో నేర్పకుండా ఎన్ని యంత్రాలు చూపించినా ఆధునిక సాగు నేర్పామని నేను ఒప్పుకోను. పుల్ల గుచ్చిన మొక్క విత్తనం ధ్రువీకరించిన విత్తనంతో సమానం కాదు, ఆరోగ్యంగా కనిపించే మొక్కలో కూడా వైరస్ దాగి ఉండొచ్చు. అయినా చిన్న గడ్డలు ఏరుకునే అలవాటుతో పోలిస్తే ఎంతో నయం.

కోత ముందు నీళ్ళు ఆపి, తవ్వడానికి పది పన్నెండు రోజుల ముందు చెట్టు నేలకి కోసేశాం. పచ్చటి చెట్టు కోయడానికి చాలామందికి చెయ్యి రాలేదు. కానీ అలా చేస్తేనే తొక్క ముదురుతుంది. బొటనవేలితో రుద్దితే తొక్క లేవకూడదు, అదే గుర్తు. ఒకే పొడవున్న పది పది సాళ్ళు తవ్వితే రైతుల సగంలో ఆరు గంపలు, కొత్త పద్ధతిలో తొమ్మిది. గంపల సంఖ్య కన్నా ఎక్కువగా అందరూ చూసింది గడ్డ సైజు. నడుం దాకా పెరిగిన చెట్టు కింద చిన్నవే ఎక్కువ ఉన్నాయి. మొన్నటి దాకా నన్ను ఆటపట్టించిన ఎకరంన్నర అన్న ఏమీ అనకుండా గంపలు మోశాడు, మర్నాడు ముడులేసిన తాడు కొత్తది తెచ్చి ఇచ్చాడు.

తవ్విన గడ్డని గునపం తగిలినవీ, పచ్చబడినవీ ఏరేసి, నీడలో పలచగా పోసి దాదాపు రెండు వారాలు ఆరనిచ్చాం, గాయాలు మానడానికి. కుప్ప నడుం ఎత్తు దాటనివ్వలేదు. గడ్డ బతికున్న వస్తువు, అది ఊపిరి పీలుస్తుంది, ఎత్తుగా పోసి కప్పేస్తే ఊపిరాడక లోపల నల్లబడుతుంది.

పుల్ల గుచ్చిన మొక్కల్ని మాత్రం ఒక్కొక్కటిగా తవ్వించాం. మొక్క పైకి బాగున్నా కింద గడ్డలు తక్కువగా, చిన్నగా ఉంటే దాన్ని కూడా వదిలేశాం. అలా మిగిలినవాటితో పెద్దమ్మకి రెండు ట్రేలు నిండాయి. అవి బయట పెట్టి ఉన్నప్పుడు సరుకు కొనే మనిషి ఒకాయన వచ్చి, ఆ ట్రేలలో గడ్డ బాగుంది, వాటినీ కలిపి ఇచ్చెయ్యమన్నాడు. ఆవిడ ట్రేల మీద తన కొంగు కప్పి, "అవి అమ్మేవి కావు, విత్తనానికి" అంది. ఆయన అటు వెళ్ళగానే నన్ను పిలిచి, నీడలో ఏ వైపు పెడితే పొద్దుటి వెలుతురు పడుతుందో చూసి చెప్పమంది.